మింట్ స్ట్రీట్ మామయ్య, స్వీడన్ స్లానియా

మా పెద్దమామయ్య మద్రాసులో డైలు, అంటే అచ్చు ఒత్తే లోహపు దిమ్మలు, చెక్కేవాడు. శుభలేఖ మీద చెయ్యి పెడితే వేలికి తగిలే వినాయకుడు, లాయర్ల లెటర్‌హెడ్ మీద ఉబ్బెత్తుగా లేచే పేరు, పార్సిలు మీద లక్క పోసి ఒత్తే ఇత్తడి సీలు, ఇవన్నీ ముందు ఎవరో కూర్చుని లోహం మీద ఉలితో తవ్వితేనే వస్తాయని చాలామందికి తట్టదు. అలా తవ్వేవాళ్ళలో ఆయనొకడు. నేను నెల్లూరు నుంచి కాలేజీ చదువుకని వచ్చి ఆయనింట్లోనే ఉండి చదువుకున్నాను. సాయంత్రాలు కొట్లోనే గడిచేవి.

కొట్టు షావుకారుపేటలో, మింట్ స్ట్రీట్ పక్క సందులో, ఒక మార్వాడీ మేడ మెట్ల కింద. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సిందే. పైనుంచి ఎవరైనా మెట్లు దిగుతుంటే మామయ్య ఉలి ఎత్తి పట్టుకునేవాడు. అడుగుల అదురు ఆగాక మళ్ళీ ఆనించేవాడు. మాట మాత్రం ఆపేవాడు కాదు.

మింట్ స్ట్రీట్‌ని తమిళులు తంగసాలై అంటారు. 1840ల్లో కుంఫిణీ వాళ్ళ టంకశాల అక్కడికి వచ్చింది. 1869లో నాణేలు కొట్టడం ఆపేశారు. ఆ కట్టడాల్లోకి తర్వాత గవర్నమెంటు ప్రెస్సు వచ్చింది. మామయ్యకి ఈ సంగతి మహా గర్వం, ఏదో తనే దానికి వారసుడైనట్టు. అంతకంటే పెద్ద గర్వం ఇంకొకటుంది. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాల కొట్టిన అర్ధ పగోడా అనే వెండి నాణెం మీద ఒక పక్క గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండో పక్క విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ నాణెం విలువ. టంకశాల అప్పటికింకా ఈ వీధికి రాలేదు, అయినా సరే. "మన అక్షరాలు ఈ ఊళ్ళో ఉక్కు మీద ఎక్కి నూట డెబ్బై ఏళ్ళయిందిరా అల్లుడూ, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం కాదు" అనేవాడు. నాణేల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరు దొరికినా ముందు ఈ ముక్క చెప్పి, ఆ తర్వాతే వచ్చిన పనేంటని అడిగేవాడు.

ఆయన మొదలుపెట్టింది పాత్రల మీద పేర్లతో. నెల్లూర్లో ఇత్తడి బిందెలు, చెంబులు, తర్వాత మద్రాసులో ఎవర్‌సిల్వర్ పాత్రలు. స్టెయిన్‌లెస్ స్టీలుని అక్కడ ఎవర్‌సిల్వర్ అనే అంటారు, మనవాళ్ళూ అలాగే అంటారు. పిల్ల సారె పాత్రల మీద పేరు, ఇంటిపేరు, తారీఖు. అప్పట్లో కరెంటు మిషను లేదు. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. అక్షరానికి ఇంత అని లెక్క. పొడుగు పేర్లు పెట్టుకున్నవాళ్ళంటే ఆయనకి అందుకే అంత ప్రేమ! అక్కడినుంచి జార్జిటౌన్లో సీళ్ళు చేసే ఒక పెద్దాయన దగ్గర చేరాడు. మూడేళ్ళు ఉలి సాన పట్టడమే పని. నాలుగో ఏడు రాగి రేకు మీద అడ్డగీతలు, నిలువుగీతలు. బొమ్మ చేతికి వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది.

ఆ పని ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పాలి. ఉలి పిడి అరచేతిలో దాగుతుంది. బొటనవేలూ చూపుడువేలూ దారి చూపిస్తాయి. కింద ఇసుక కూరిన తోలు దిండు, దాని మీద డై. ఉలిని ముందుకు నెడతారు, సుత్తితో కొట్టరు. సన్నటి లోహపు తీగ చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. లోతుగా పోతే గీత లావవుతుంది, పైపైన పోతే సన్నబడుతుంది. వంపు వస్తే చెయ్యి తిప్పకూడదు, దిండు మీద డైని తిప్పాలి. తెలుగు అక్షరాలకి ఇది మహా కష్టం. ఇంగ్లీషు పెద్దక్షరాలు సగం నిలువుగీతలే. మనకి అన్నీ వంపులే. 'ఊ' ఒక్కటి చెక్కాలంటే డై ఎన్ని చుట్లు తిరగాలో. పైగా అంతా అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. మామయ్య కాగితం మీద కూడా తిరగేసి గబగబా రాసేవాడు. మా అత్తయ్యకి సరుకుల చీటీ అలా రాసిచ్చి ఏడిపించేవాడు. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, దీపానికి అడ్డం పెట్టి చదివేది.

గీత తప్పితే చెరపడానికి రబ్బరు లేదు. తప్పిన చోట చుట్టూ గీకి, వెనకనుంచి సుత్తితో మెల్లగా కొట్టి లోహాన్ని పైకి లేపి, నున్నగా రుద్ది, మళ్ళీ చెక్కాలి. అది అసలు పనికంటే పెద్ద పని.

స్వీడన్‌లో స్టాంపులు చెక్కే స్లానియా ఆయన బతుకులోకి వచ్చింది ఒక గిరాకీ వల్ల. పోస్టాఫీసులో రిటైరైన ఒక పెద్దమనిషి, స్టాంపులు పోగుచేసేవాడు, తన పేరుతో ఎంబాసింగు సీలు కావాలని వచ్చాడు. మాటల్లో జేబులోంచి స్వీడన్ స్టాంపు ఒకటి తీసి ఇచ్చాడు. రోజువారీ ఉత్తరాలకి అంటించే మామూలు స్టాంపే. పదహారో కార్ల్ గుస్తాఫ్ రాజు బొమ్మ. మామయ్య దాన్ని భూతద్దం కింద పెట్టాడు. మెట్ల మీద ఎవరో దిగారు, ఇంకెవరో ఎక్కారు. ఆయన తల ఎత్తలేదు. చివరికి, "ఈ చెంప మీద గీత ఎక్కడ ఆగిందో కనిపించట్లేదు సార్, ఎవరు చేశారిది?" అన్నాడు. అప్పుడు విన్నాం చెస్లావ్ స్లానియా పేరు.

స్లానియా 1921లో పోలండ్‌లో ఒక బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల మీద పోరాడే రహస్య దళాల కోసం దొంగ కాగితాలు తయారుచేశాడు. యుద్ధమయ్యాక క్రాకోలో లలితకళల అకాడమీలో చదివాడు. పోలండ్‌లో తన మొదటి స్టాంపు 1951లో వచ్చింది. 1956లో స్వీడన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. 1960 నాటికి స్వీడన్ తపాలా వాళ్ళకి స్టాంపులు చెక్కుతున్నాడు. 1972లో రాజుగారు ఆస్థాన ఎన్‌గ్రేవర్ అని బిరుదిచ్చారు. డెన్మార్క్, గ్రీన్‌ల్యాండ్, ఫారో దీవులు, మొనాకో, ఐక్యరాజ్యసమితి, ఇలా చాలామందికి స్టాంపులు చేశాడు. కొన్ని దేశాల కరెన్సీ నోట్లకీ ముఖాలు చెక్కాడు. ఇదంతా మాకు ఒక్కరోజులో తెలియలేదు. ఆ పోస్టాఫీసు పెద్దాయన కొంత, ఆయన స్నేహితులు తెచ్చిన పాత పత్రికలు కొంత, నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పింది కొంత.

దొంగ కాగితాల సంగతి చదివి వినిపించినరోజు మామయ్య పకపకా నవ్వాడు. ఎందుకంటే ఆ పని అడిగేవాళ్ళు మా సందుకీ వచ్చేవారు. ఏదో ఆఫీసు గుండ్రటి సీలు కావాలంటారు, ఆఫీసు లెటరు తెమ్మంటే మళ్ళీ కనిపించరు. "ఆయన యుద్ధంలో చేశాడు. వీళ్ళకేం యుద్ధమొచ్చింది?" అనేవాడు. అలాంటివాళ్ళకి ఆయన మర్యాదగా మజ్జిగ ఇప్పించి పంపేవాడు. ఆ మజ్జిగ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆదివారాలు మూర్ మార్కెట్. సెంట్రల్ స్టేషన్ పక్కన, 1985లో తగలబడిపోయేదాకా, పాత పుస్తకాలకీ నాణేలకీ స్టాంపులకీ అదే మాకు పుట్టిల్లు. మామయ్య పద్ధతి వేరు. దేశం చూడడు, సంవత్సరం చూడడు, అరుదైనదా కాదా అసలే చూడడు. వేలితో తడుముతాడు. చెక్కిన స్టాంపైతే సిరా కాస్త పైకి తేలి ఉంటుంది. తగిలితే తీసుకుంటాడు, లేకపోతే లేదు. కొట్టువాళ్ళు ఆయన్ని చూసి తడిమే నాయుడు అని పేరు పెట్టారు. స్వీడన్ వాళ్ళ పెద్ద బొమ్మల స్టాంపుల అడుగున, అంచు దగ్గర, చెక్కినవాడి పేరు కూడా అచ్చువేస్తారు. అది చూసినప్పుడల్లా ఆయన మొహం చూడాలి. తను చెక్కిన వేల డైల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు మరి. స్లానియా కొన్ని స్టాంపుల బొమ్మల్లో స్నేహితుల పేర్లు కంటికి ఆనకుండా దాచాడంటారు. మామయ్య వాటికోసం భూతద్దంతో గంటలు గంటలు వెతికేవాడు. ఒక్కటీ దొరకలేదు, అయినా మానలేదు.

మన స్టాంపులంటే మాత్రం పెదవి విరిచేవాడు. నాసిక్‌లో సెక్యూరిటీ ప్రెస్సు పెట్టిందాకా మన స్టాంపులు లండన్‌లో డి లా రూ కంపెనీ వేసేది. స్వతంత్రం వచ్చాక 1948లో గాంధీగారి మొదటి స్టాంపులు స్విట్జర్లాండులో కూర్వాజియే వాళ్ళు ఫోటోగ్రావ్యూర్‌లో వేశారు. 1952లో కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబు, టాగూరులతో వచ్చిన సెట్టుతో నాసిక్ కూడా ఫోటోగ్రావ్యూర్ పట్టింది. ఆ పద్ధతిలో ఫోటోని సన్నటి చుక్కలుగా విడగొడతారు. చూడ్డానికి బాగానే ఉంటాయి, నాకైతే చాలా ఇష్టం కూడా. ఆయనకి కాదు. 1961 త్యాగయ్య స్టాంపు చూపిస్తే, "దణ్ణం పెట్టుకుంటాను, కానీ చెక్కలేదు దీన్ని" అని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేశాడు.

నోట్ల దగ్గర ఆయన వేరే మనిషి. నేను బ్యాంకులో చేరి క్యాష్ కౌంటర్లో కూర్చున్నాక మా ఇద్దరికీ మాటలకి కొదవ లేకపోయింది. నేను రోజంతా నోట్లు లెక్కపెట్టేవాణ్ణి, ఆయన సాయంత్రం వాటిని చదివేవాడు. 1975 నాటి 50 రూపాయల నోటు వెనక పార్లమెంటు భవనం మీద మొదట జెండాకర్ర ఉంది, జెండా లేదు, తర్వాత పెట్టారు. జెండా లేనిది ఒకటి నాచేత మార్పించుకుని దాచుకున్నాడు. తంజావూరు గుడి బొమ్మ ఉన్న వెయ్యి రూపాయల నోటు 1954లో వచ్చి, 1978లో రద్దయిపోయింది. అది చెల్లే రోజుల్లో చేత్తో పట్టుకోలేదని ఆయన బాధ. వెయ్యి రూపాయలు చేతిలో లేనందుకు కాదు, ఆ గోపురం అంతస్తులు భూతద్దంలో చూడనందుకు.

నోటు మీద ముఖమే ఎందుకు వేస్తారని ఒకసారి అడిగాను. ఆయన 1840 నాటి పెన్నీ బ్లాక్ నుంచి మొదలుపెట్టాడు, అదీ పోస్టాఫీసు పెద్దాయన చెప్పిందే. ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపు అది. విక్టోరియా రాణి ముఖాన్ని చార్లెస్ హీత్, ఫ్రెడరిక్ హీత్ అనే తండ్రీకొడుకులు ఉక్కు మీద చెక్కారు. చెట్టు బొమ్మలో ఒక కొమ్మ అటూ ఇటూ అయితే ఎవడూ కనిపెట్టడు. ముఖంలో కంటి దగ్గర గీత కాస్త మారితే మనిషే మారిపోతాడు. చూసేవాడికి తేడా ఎక్కడుందో చెప్పడం రాకపోయినా, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. దొంగనోటు వాడికి అక్కడ దొరుకుతుంది దెబ్బ. "నిన్ను మీ అమ్మ నడక చూసి గుర్తుపడుతుందా, మొహం చూసి గుర్తుపడుతుందా?" అన్నాడు. మా అమ్మ రెండూ చూసి పడుతుంది గానీ, నేను ఒప్పేసుకున్నాను.

ఒక డై నుంచి వేల స్టాంపులు ఎలా వస్తాయో కూడా అప్పుడే చెప్పాడు. మెత్తటి ఉక్కు మీద స్టాంపు అసలు సైజులోనే, తిరగేసి చెక్కుతారు. కాల్చి దాన్ని గట్టిపరుస్తారు. దాని మీద మెత్తటి ఉక్కు రోలరుని బలంగా దొర్లిస్తే బొమ్మ రోలరు మీదకి ఉబ్బెత్తుగా ఎక్కుతుంది. ఆ రోలరుని గట్టిపరచి, పెద్ద పలక మీద వరసగా ఒత్తుకుంటూ పోతే అన్ని స్టాంపులూ ఒకటే చెయ్యి. పలకకి సిరా పూసి తుడిచేస్తే పైన ఉన్నది పోతుంది, గీతల్లో ఉన్నది ఉంటుంది. కాగితాన్ని అదిమితే అది గీతల్లోకి దిగి ఆ సిరాని లాగేసుకుంటుంది. వేలికి తగిలేది అదే. ఈ రోలరు పద్ధతి జేకబ్ పెర్కిన్స్ అనే అమెరికన్‌ది. లండన్ వచ్చి ఆయన పెట్టిన కంపెనీయే పెన్నీ బ్లాక్ అచ్చువేసింది. మామయ్య చపాతీల కర్రా పిండీ తీసుకుని ఇదంతా చేసి చూపించాడు. అత్తయ్య ఊరుకోలేదు.

1996 జూన్‌లో గాంధీగారి బొమ్మతో కొత్త 100 నోటు వచ్చింది. మా బ్రాంచికి కట్టలు వచ్చినరోజు ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. భూతద్దం కింద చాలాసేపు పెట్టుకున్నాడు. నీడ ఉన్నచోట గీతలు దగ్గరదగ్గరగా, లావుగా. వెలుగు పడేచోట దూరందూరంగా, సన్నగా. నవ్వు ఎక్కడుందో ఉలి చూపించి మరీ చెప్పాడు. "పెదవి దగ్గర కాదురా, కంటి కింద." ఆ నోటుకి ఎడమవైపు చిన్న త్రికోణం ఉబ్బెత్తుగా ఉంటుంది, చూపు లేనివాళ్ళు తడిమి పోల్చుకోవడానికి. తర్వాత వచ్చిన 500కి గుండ్రం, 50కి చదరం. ఇవి పెట్టాలని తోచినవాడికి ఒక దండ వెయ్యాలన్నాడు. నోటు వెనక భాషల పట్టీలో తెలుగు తమిళానికి కిందా, ఉర్దూకి పైనా ఉంటుంది. ఆ కాస్త చోట్లో 'నూరు రూపాయలు'లోని వంపులు సరిగ్గా ఉన్నాయా లేదా చూసి, తల ఊపి, నోటు జేబులో పెట్టుకున్నాడు. దానికి డబ్బులు ఇవ్వలేదు నాకు.

నాసిక్ ప్రెస్సులో చేరాలని ఎప్పుడూ అనుకోలేదా మామయ్యా అంటే, "అక్కడ చేరితే ఇవాళ ఏం చెక్కానో మీ అత్తయ్యకి కూడా చెప్పకూడదు. నాకు నోరు ఆగదు" అన్నాడు. నిజమే. నోట్లు చెక్కేవాళ్ళ పని మరీ చిత్రం. ముఖం ఒకరు, అక్షరాలు ఒకరు, అల్లికల్లాంటి వంపుగీతలు మిషను. ఒకే చేత్తో అంతా చేస్తే ఆ ఒక్క చెయ్యి చెడిపోతే చాలు కదా, దొంగ నోటుకి. ఏళ్ళతరబడి నేర్చుకుని, నెలలతరబడి ఒక చెంప చెక్కి, అది కోట్లమంది జేబుల్లో తిరుగుతుంటే వీధిలో మామూలుగా కూరగాయలు కొనుక్కుంటూ పోవాలి. స్లానియా అదృష్టవంతుడు. స్టాంపులవాళ్ళు ఆయన పేరు అచ్చువేశారు, జనం ఆటోగ్రాఫులకి వచ్చారు.

మా చిన్నాన్న ఒకసారి ఎగతాళిగా, నువ్వు ఏకలవ్యుడివి బావా, చూడని గురువుని పెట్టుకున్నావు అన్నాడు. మామయ్య ఉలి కింద పెట్టకుండానే, "వాడు బొటనవేలు ఇచ్చాడు. నేనిస్తే రేపటినుంచి మీ అక్కకి బియ్యం ఎవరు తెస్తారు?" అన్నాడు.

2000లో స్లానియా వెయ్యో స్టాంపు చేశాడు. స్వీడన్ రాజుల ఘనకార్యాల మీద 17వ శతాబ్దంలో ఎహ్రెన్‌స్ట్రాల్ వేసిన పెయింటింగు ఆధారంగా, మామూలు స్టాంపులకి ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని సంపాదించడానికి చాలా తిప్పలు పడ్డాం. చివరికి స్టాక్‌హోంలో ఉన్న మా బ్రాంచి మేనేజరుగారి అబ్బాయి పంపాడు. మామయ్య ముందు లెక్కలు వేశాడు, పనివాడు కదా. 1951 నుంచి 2000 అంటే యాభై ఏళ్ళకి వెయ్యి, ఏడాదికి ఇరవై. "నెలకి రెండు కూడా పడలేదు. అదీ పని అంటే" అని తృప్తిపడ్డాడు. ఆ తర్వాతే స్టాంపు వంక చూశాడు. గుంపులు గుంపులుగా మనుషులు, మబ్బులు, గుడ్డల మడతలు. నాకు మొహాలు కనిపించాయి, ఆయనకి మడతలు కనిపించాయి. ఎవరూ చూడని మూలలో కూడా గీత తొందరపడలేదన్నాడు.

స్లానియా 2005 మార్చిలో పోయాడు. 83 ఏళ్ళు. చివరిదాకా చెక్కుతూనే ఉన్నాడు. మామయ్యకి అప్పటికే శుక్లాలు ఆపరేషనై, సన్నపని మానేసి, సీళ్ళు మాత్రం చేస్తున్నాడు. పోయాడని చెప్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆయన కళ్ళజోడు నంబరెంతో ఎక్కడైనా రాశారా?" అని.

కొట్టు ఇప్పుడు మా బావ చూస్తున్నాడు. లేజర్ మిషను పెట్టాడు. శుభలేఖ డై గంటలో అయిపోతుంది, తిరగేసే పని కంప్యూటర్‌దే. మామయ్య పోయేదాకా రోజూ వెళ్ళి కూర్చుని, మిషను చేసిన 'ఊ' వంపు చూసి సాధించేవాడు. బావ ఓపిగ్గా ఫాంటు మార్చి చూపించేవాడు. ఒక ఫాంటుకి మాత్రం, "ఇది ఎవరో తెలిసినవాడే గీశాడు" అని ఒప్పుకున్నాడు. తెలుగు పనులన్నిటికీ బావ అదే వాడుతున్నాడు.

ఆల్బములు నా దగ్గరికి వచ్చాయి. మూడు స్లానియావి, మిగతావి తడిమి కొన్నవి. గ్రీన్‌ల్యాండ్‌వి, ఫారో దీవులవి డూప్లికేట్లు చాలా ఉన్నాయి. మొనాకో మాత్రం తక్కువ. చెన్నైలో ఎవరి దగ్గరైనా స్లానియా చెక్కిన మొనాకో స్టాంపులు ఉంటే చెప్పండి, మార్చుకుందాం. వాడినవైనా పరవాలేదు, పోస్టాఫీసు ముద్ర మొహం మీద పడకుండా ఉంటే చాలు.